బడిలో ట్యాబ్, ఫోన్: అపోహలు - వాస్తవాలు

కోనసీమలో ఓ జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ చెబుతాను. బడికి ప్యానెళ్లు (గోడకి పెట్టే పెద్ద టచ్ స్క్రీన్లు), ట్యాబులు వచ్చిన దగ్గర్నుంచి స్టాఫ్ రూములోనూ పేరెంట్స్ మీటింగుల్లోనూ తరచూ వినే మాటలు ఇవి.

అపోహ: ప్యానెల్ మీద వీడియో వేస్తే డిజిటల్ పాఠం అయిపోయినట్టే.

వాస్తవం: వీడియో వేస్తే క్లాసు నిశ్శబ్దంగా ఉంటుంది, అంతవరకు నిజం. మర్నాడు అడిగి చూడండి, ఏం గుర్తుందో. డెల్టా పాఠానికి నేను గూగుల్ ఎర్త్ టైమ్‌లాప్స్ తెరుస్తాను. 1984 నుంచి ఏటేటి ఉపగ్రహ చిత్రాలు అందులో వరసగా కదులుతాయి. మన ఊళ్ల మీద ఆపి, ఏం మారిందని అడుగుతాను. పచ్చటి చేల మధ్య ముదురు రంగు గళ్లు పుట్టుకొచ్చి పెరగడాన్ని వెనక బెంచీవాడు కూడా పట్టేస్తాడు. "ఆయ్, అవి రొయ్యల చెరువులండి మాస్టారూ!" ఆ చెరువు ఎప్పుడు తవ్వారు, అంతకుముందు ఏం పండేది, ఎందుకు మార్చారు అని ఇంట్లో తాతయ్యనో మామ్మనో అడిగి రాసుకు రమ్మంటాను. ఇక మర్నాడు చెరువులున్న ఇంటి పిల్లలకూ పక్కనే వరి వేసే ఇంటి పిల్లలకూ వాదన మొదలు. ఉప్పునీళ్లు ఊరడంతో చేను పాడవుతోందని ఒకరు, వరిలో ఎకరాకి మిగిలేదేముందని ఇంకొకరు. ఆ పీరియడ్‌లో ప్యానెల్ ఆన్‌లో ఉండేది కాసేపే. చివర్లో కాకినాడ దగ్గరి హోప్ ఐలండ్ చూపించి, గోదావరి తెచ్చే ఒండ్రు పైన ఆనకట్టల వెనకే ఆగిపోతే తీరం సంగతేమిటని అడిగితే, సముద్రం కోసేస్తున్న ఉప్పాడ పేరు వాళ్లే ఎత్తుతారు.

అపోహ: ఫోన్ గురించి ఇప్పటి పిల్లలకు మనం చెప్పేదేముంది?

వాస్తవం: చాలానే ఉంది. పిల్లల చదువుల మీద దేశవ్యాప్తంగా జరిగే అసర్ సర్వే 2024లో గ్రామాల్లోని 14-16 ఏళ్ల పిల్లల్లో 82 శాతం మంది స్మార్ట్‌ఫోన్ వాడటం వచ్చన్నారు. వాళ్లలో అంతకుముందు వారంలో సోషల్ మీడియా చూసినవాళ్లు 76 శాతం, చదువుకు వాడినవాళ్లు 57 శాతం. చూసింది నిజమో కాదో తేల్చుకోవడం ఎవరో ఒకరు నేర్పాలి. మాకు దానికి వరదల సీజనే మంచి టైము. పాత వరద వీడియో ఏదో ఒకటి "ఇప్పుడే ధవళేశ్వరం దగ్గర" అంటూ ప్రతి గ్రూపులోకీ వచ్చేస్తుంది. బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులైతే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. అధికారిక బులెటిన్‌లో ఆ రోజు మట్టం ఎంతుందో చూసి పిల్లలు వీడియో సంగతి తేలుస్తారు. రోజువారీ మట్టం షీట్‌లో ఎక్కించి గ్రాఫ్ గీస్తారు. లంక ఊళ్ల పిల్లల్ని ఈ పనికి బతిమాలక్కర్లేదు. ఏ హెచ్చరికకి పశువుల్ని గట్టు మీదికి తోలాలో మనకన్నా వాళ్లకే బాగా తెలుసు.

అపోహ: ట్యాబ్ ఇస్తే మార్కులు పెరుగుతాయి.

వాస్తవం: పెరూలో బడిపిల్లలకు లక్షల్లో ల్యాప్‌టాప్‌లు పంచారు. తర్వాత పరిశీలిస్తే లెక్కల్లో, భాషలో తేడా కనబడలేదు. ఢిల్లీలో మాత్రం, పిల్లవాడి స్థాయి పట్టుకుని అక్కణ్నుంచి ప్రశ్నలిచ్చే సాఫ్ట్‌వేర్‌తో బడి అయ్యాక నేర్పితే లెక్కల్లోనూ హిందీలోనూ బాగా మెరుగయ్యారు. తీసివేతలే రాని పిల్లవాడి ట్యాబులో తొమ్మిదో తరగతి వీడియోలు నింపి ఏం లాభం?

అపోహ: నెట్ లేకపోతే ఏం చేస్తాం?

వాస్తవం: గాలివాన వస్తే మాకు నెట్టూ కరెంటూ రెండూ పోతాయి. అందుకే టైమ్‌లాప్స్‌ని ముందే స్క్రీన్ రికార్డు చేసుకుంటాను. స్క్రీన్ మీదే ప్రయోగాలు చేసి చూసే ఫెట్ (PhET) సైన్స్ సిమ్యులేషన్లు డౌన్‌లోడ్ చేసుకుంటే నెట్ లేకున్నా నడుస్తాయి. నన్నడిగితే అన్నిటికన్నా పనికొచ్చేది ఫోన్లో వాయిస్ రికార్డరు. ఆరో తరగతిలో కూడబలుక్కుని చదివే పిల్లతో ఓ పేరా చదివించి, దాన్నే వినిపిస్తాను. ఎక్కడ ఆగిందో తనే చెబుతుంది, మళ్లీ చదువుతానంటుంది. నెలాఖరున మొదటిదీ చివరిదీ అమ్మకు వినిపిస్తే, ప్రోగ్రెస్ కార్డు చదవలేని అమ్మకు కూడా తేడా తెలుస్తుంది. పేరా మాత్రం ప్రతిసారీ మార్చండి, లేకపోతే కంఠతా పట్టేస్తారు.