వంశవృక్షం చెప్పేదొకటి, రక్తం చెప్పేదొకటి

అమరావతి జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు 1816లో చనిపోయేనాటికి ఆయనకు కన్న కొడుకులు లేరు. దత్తత తీసుకున్న కొడుకులు మాత్రం ఇద్దరున్నారు, జగన్నాథబాబు, రామనాథబాబు. ఆస్తి ఎవరిదన్న తగాదా కోర్టుకెక్కింది, చివరికి సముద్రం దాటి, అప్పట్లో మనకు చివరి అప్పీలు కోర్టయిన లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ దాకా పోయింది. మొదటి దత్తపుత్రుడు బతికుండగా రెండో దత్తత చెల్లదని 1846లో ఆ కౌన్సిల్ తేల్చింది. అప్పటికి జమీ కోలుకోలేనంతగా చితికిపోయింది.

ఆ రోజుల్లోనే డీఎన్ఏ పరీక్ష ఉండుంటే ఈ వ్యాజ్యం ఏడాదిలో ముగిసేదా? ముగిసేది కాదు. ఇద్దరూ దత్తులే కాబట్టి పరీక్ష చెప్పడానికి ఏమీ లేదు. తగాదా దత్తత చెల్లుతుందా చెల్లదా అన్నదాని మీద. అది ఏ ల్యాబులోనూ తేలదు.

ఈ సంగతి ఇప్పుడు గుర్తుచేసుకోవడానికి కారణం ఉంది. 2015లో రాజధాని కోసం కృష్ణ ఒడ్డున దాదాపు 33 వేల ఎకరాలు సమీకరించారు. గుంటూరు, విజయవాడ చుట్టుపక్కల భూమికి రేటు పెరిగిన కొద్దీ ట్రంకు పెట్టెల్లోని పాత వంశవృక్షాలు బయటికొస్తున్నాయి. పక్క ఊళ్లో ఉన్న అదే ఇంటిపేరు వాళ్లు మనకు దాయాదులా కాదా? మూడు తరాల కింద ఆ పెద్దాయన కన్న కొడుకా, పెంచుకున్న కొడుకా? కరణం రాసిన కాగితం ఒకటి చెబుతుంది, పురోహితుడి పుస్తకం ఇంకోటి చెబుతుంది. అప్పుడు ఎవరో ఒకరు అంటారు: ‘ఇంత టెన్షన్ ఎందుకు, డీఎన్ఏ చేయిస్తే తేలిపోతుందిగా!’

తేలేవి కొన్ని నిజంగానే తేలతాయి. ఏది తేలుతుందో తెలియాలంటే డీఎన్ఏ తరాల మధ్య ఎలా నడుస్తుందో కొంచెం చూడాలి.

వై క్రోమోజోమ్ తండ్రి నుంచి కొడుక్కి మాత్రమే వెళ్తుంది. మన ఇంటిపేరు, గోత్రం నడిచే దారి కూడా అదే. కణాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా అనే భాగాల డీఎన్ఏ తల్లి నుంచి పిల్లలందరికీ వస్తుంది, కానీ తర్వాతి తరానికి అందించేది కూతుళ్లే. మిగతా డీఎన్ఏ అమ్మ దగ్గర నుంచి సగం, నాన్న దగ్గర నుంచి సగం, ప్రతి తరంలోనూ కలగలిసిపోతుంది. దాయాదుల తగాదాలో ముందుగా పనికొచ్చేది వై క్రోమోజోమ్.

తెనాలి దగ్గర ఒక ఊరు అనుకుందాం. ఊళ్లో గుడి కట్టించిన వంశం మాదేనని రెండు శాఖలు అంటున్నాయి. మూలపురుషుడు అయిదు తరాల కిందటివాడు. పెద్ద శాఖ నుంచి ఒక మగమనిషి, చిన్న శాఖ నుంచి ఒకరు ముందుకొచ్చారు. బుగ్గ లోపలి వైపు దూదిపుల్లతో కాసేపు రుద్ది, ఆరబెట్టి, కవరులో పెట్టి పంపుతారు. ల్యాబులో వై క్రోమోజోమ్ మీద, మాటవరసకు, 23 చోట్ల లెక్కపెడతారు. డీఎన్ఏను ఏ, సీ, జీ, టీ అన్న నాలుగు అక్షరాలతో రాస్తారు. లెక్కపెట్టేది ఆ అక్షరాల ముక్కలు ఎన్నిసార్లు తిరిగొచ్చాయన్నది. డీవైఎస్391 అనే చోట టీసీటీఏ అన్న నాలుగక్షరాల ముక్క ఒకరిలో వరసగా 10 సార్లు, మరొకరిలో 11 సార్లు ఉండవచ్చు. ఇలా ఒక్కొక్కరికీ 23 అంకెల వరస తయారవుతుంది. రెండు వరసల్నీ పక్కపక్కన పెట్టి చూస్తారు.

22 కలిసి ఒకటి తేడా వస్తే? కంగారు పడనక్కర్లేదు. తండ్రి నుంచి కొడుక్కి వెళ్లేటప్పుడు ఒక్కో చోట అంకె మారే అవకాశం సగటున వెయ్యికి రెండు మూడు. ఆ ఇద్దరి మధ్య అటు అయిదు, ఇటు అయిదు, మొత్తం పది జన్మలున్నాయి. ఇరవైమూడు చోట్ల లెక్కన ఒక మార్పు రావడం మామూలే, రెండొచ్చినా వింత కాదు. ఎనిమిదో పదో తేడాలొస్తే మాత్రం ఆ ఇద్దరూ ఒకే మగ వరస వాళ్లు కారు.

గొడవ మొదలయ్యేది అక్కడే. ‘చూశారా, వాళ్లు మా వంశం కాదు’ అని పెద్ద శాఖ అనేస్తుంది. రిపోర్టు ఆ మాట అనలేదు. రెండు వరసలూ ఒకటి కాదని మాత్రమే అంది. తెగింది ఎటువైపో, ఏ తరంలోనో చెప్పలేదు. పెద్ద శాఖలోనే తెగి ఉండవచ్చు. ఇంగ్లండ్ రాజు మూడో రిచర్డ్ కథ ఇందుకు మంచి ఉదాహరణ. 1485లో యుద్ధంలో చనిపోయిన ఆయన అస్థిపంజరం 2012లో లెస్టర్‌లో ఒక కారు పార్కింగ్ కింద దొరికింది. ఆయన అక్క నుంచి తల్లి వరసలో దిగివచ్చిన బంధువుల మైటోకాండ్రియా డీఎన్ఏ ఆ ఎముకలతో కలిసింది. మగ వరసలో దాయాదులని కాగితాల్లో ఉన్న అయిదుగురి వై క్రోమోజోమ్ మాత్రం ఎముకలతో కలవలేదు. ఆ అయిదుగురిలోనూ నలుగురు ఒకరితో ఒకరు కలిశారు, ఒకాయన వాళ్లతో కూడా కలవలేదు. అంటే వంశం కనీసం రెండు చోట్ల తెగింది. రాజవంశం, అచ్చేసిన వంశావళి, అయినా అంతే.

తెనాలి లెక్క తేలాలంటే మూడో మనిషి కావాలి. అదే మూలపురుషుడి తమ్ముడి సంతతి ఏ నరసరావుపేటలోనో ఉంటే, వాళ్లలో ఒకరి నమూనా తెచ్చి ఇద్దరితోనూ పోల్చాలి. ఎవరితో కలిస్తే వాళ్ల వైపు వరస తెగలేదు. దాయాదుల పరీక్షల్లో నన్ను అన్నిటికంటే బాధపెట్టేది, ఇద్దరితో పరీక్ష చేసి మూడో శాఖను పిలవకుండానే తీర్పు చెప్పేయడం.

కలిసినా జాగ్రత్తగానే ఉండాలి. అమెరికా అధ్యక్షుడు థామస్ జెఫర్సన్‌కు ఆయన ఇంటి బానిస శాలీ హెమింగ్స్ వల్ల పిల్లలు కలిగారన్న వివాదం రెండు వందల ఏళ్లు నడిచింది. 1998లో పరీక్ష చేశారు. జెఫర్సన్‌కు భార్య వల్ల మగ సంతతి మిగల్లేదు కాబట్టి ఆయన బాబాయి వంశస్థుల వై క్రోమోజోమ్ తీసుకున్నారు. శాలీ చిన్న కొడుకు ఈస్టన్ వంశస్థుడిది దానితో కలిసింది. అప్పటిదాకా తండ్రులని చెప్పుకొచ్చిన జెఫర్సన్ మేనల్లుళ్ల వరసది కలవలేదు. అయినా వై క్రోమోజోమ్ చెప్పింది ‘జెఫర్సన్ వంశపు మగవాడు’ అని. అన్నదమ్ములందరిలోనూ ఉండేది అదే కదా. థామసే అని చెప్పడానికి ఆయన ఇంట్లో ఉన్న తేదీల్లాంటి కాగితాల సాక్ష్యం కలపాల్సి వచ్చింది. కాగితం, డీఎన్ఏ రెండూ పక్కపక్కన ఉంటేనే కథ నిలబడుతుంది.

వరస తెగిందంటే ఏదో తప్పు జరిగిందని అనుకోవడం మనవాళ్లకు అలవాటు. యూరప్‌లో వంశవృక్షాలను వై క్రోమోజోములతో పోల్చి చూసినప్పుడు, కాగితం మీద తండ్రి ఒకరు, పుట్టుక మరొకరి వల్ల అయిన సందర్భాలు తరానికి దాదాపు ఒక శాతం ఉన్నాయి. ఆ లెక్కన పది తరాల్లో ఎక్కడో ఒకచోట తెగే అవకాశం పదింట ఒకటి. మన దగ్గర వరస తెగడానికి అంతకంటే గౌరవమైన కారణాలు చాలా ఉన్నాయి. పిల్లల్లేక తమ్ముడి కొడుకును దత్తత తీసుకుంటే వై క్రోమోజోమ్ కలుస్తుంది. భార్య తరఫు పిల్లవాణ్ణి తీసుకుంటే కలవదు. ఇల్లరికం అల్లుడి కొడుకును తాతే దత్తత చేసుకుని తన ఇంటిపేరు పెట్టడం కోస్తాలో ఎన్ని ఇళ్లలో లేదు! అక్కడ వై క్రోమోజోమ్ పూర్తిగా వేరే, కానీ మనవడు మనవడే. ఆ తాత డీఎన్ఏలో పావు వంతు వాడిలో ఉంటుంది. దత్తతతో గోత్రం మారుతుంది, వై క్రోమోజోమ్ మారదు. రెండూ నిజమే.

మిగతా డీఎన్ఏ విషయానికొస్తే చిక్కు ఇంకా ఎక్కువ. అన్నదమ్ముల పిల్లలు సగటున పన్నెండున్నర శాతం పంచుకుంటారు. ఒకే ముత్తాత దగ్గర కలిసేవాళ్లు మూడు శాతం చిల్లర. ఇంకో తరం పైకెళ్తే ఒక శాతం కూడా ఉండదు, వాళ్లలో దాదాపు పదోవంతు జంటల్లో పరీక్షకు దొరికే పోలిక ఒక్కటీ ఉండదు. రిపోర్టులో ‘బంధుత్వం కనబడలేదు’ అని వచ్చినంత మాత్రాన బంధువులు కాకుండా పోరు.

పైగా ఈ శాతాల పట్టికలు మేనరికాలు లేని సమాజాలను చూసి తయారుచేసినవి. మన ఇళ్లలో చూడండి. ఒకాయన అక్క కూతుర్ని చేసుకున్నాడు. వాళ్ల బిడ్డకు నాయనమ్మే, అమ్మ వైపు నుంచి చూస్తే అమ్మకు అమ్మమ్మ. మామూలుగా నాయనమ్మ నుంచి రావాల్సింది 25 శాతం. ఈ బిడ్డకు నాన్న దారిలో 25, అమ్మ దారిలో పన్నెండున్నర, మొత్తం ముప్పైఏడున్నర శాతం వస్తుంది. కంప్యూటర్ దీన్ని చూసి బంధుత్వాన్ని ఒక మెట్టు దగ్గరగా చెప్పేస్తుంది. దీనికితోడు, మన కులాల్లో వందల ఏళ్లుగా లోపలి పెళ్లిళ్లే. హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు పాల్గొన్న పరిశోధన 2017లో వచ్చింది. భారత ఉపఖండంలో 260కి పైగా సమూహాలను చూస్తే, వాటిలో 81 సమూహాలు, కొద్దిమంది మూలపురుషుల నుంచి పెరిగిన ముద్రను, అందుకు పేరుపడ్డ ఫిన్లాండ్ ప్రజల కంటే కూడా గట్టిగా మోస్తున్నాయి. ఆంధ్ర వైశ్యులు అందుకు బాగా తెలిసిన ఉదాహరణ. అలాంటి సమూహంలో ఏ ఇద్దరు అపరిచితుల నమూనాలు తీసుకున్నా కొంచెం పోలిక కనిపిస్తుంది. చిన్న పోలిక చూపించి ‘మేం మీ దాయాదులం’ అంటే అది రుజువు కాదు.

తల్లి వరస మన దగ్గర ఎందుకు పనికిరావడం లేదంటే, కాగితాల్లో ఆడవాళ్లు లేరు. రిచర్డ్ ఎముకలు ఆయనవేనని చెప్పగలిగింది ఆడవాళ్ల పేర్లు తరాల తరబడి రాసి ఉంచారు కాబట్టి. మన వంశవృక్షాల్లో కూతుళ్ల దగ్గర గీత ఆగిపోతుంది. కోడళ్లకైతే చాలాసార్లు పేరే ఉండదు, ‘భార్య’ అని ఉంటుంది. అందుకే ఎంతో నమ్మకమైన ఒక దారి మనకు మూసుకుపోయింది.

కోర్టుల సంగతి. పెళ్లి నిలిచి ఉండగా పుట్టిన బిడ్డ ఆ భర్త బిడ్డేనని చట్టం ఊహిస్తుంది. 1872 సాక్ష్య చట్టంలో ఉన్న ఈ సూత్రం 2024 జులై నుంచి భారతీయ సాక్ష్య అధినియమ్ 116వ సెక్షన్‌గా కొనసాగుతోంది. భార్యాభర్తలు కలిసే అవకాశమే లేదని చూపిస్తే తప్ప అది కదలదు. ఒక ఆస్తి దావాలో, ఆస్తి తనదంటున్నవాడు మా తల్లిదండ్రుల కొడుకు కాదు, డీఎన్ఏ చేయించండని అక్కచెల్లెళ్లు కోరారు. కాగితాల సాక్ష్యం ఉన్నప్పుడు ఇష్టం లేని మనిషిని పరీక్షకు బలవంతపెట్టకూడదని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది. నాకిది న్యాయంగానే కనబడుతుంది. ఎకరం పొలం కోసం చనిపోయిన తల్లి శీలాన్ని బోనులో నిలబెట్టడం ఏ బిడ్డకూ రాకూడదు.

కోర్టు డీఎన్ఏను ఒప్పుకున్న సందర్భాలు లేకపోలేదు. స్కాట్లాండ్‌లో స్టిచిల్ ప్రింగిల్ వంశపు బారొనెట్ అనే వారసత్వ బిరుదు 1683 నాటిది. పదో బారొనెట్ 2013లో పోయాక ఆ బిరుదు కొడుక్కి రావాలి. కానీ ఆ పదో బారొనెట్ వై క్రోమోజోమ్ వంశంలోని మిగతావాళ్లతో కలవలేదు. ఎనిమిదో బారొనెట్ పెద్ద కొడుకు, అంటే పదో బారొనెట్ తండ్రి, అసలు ఆ ఎనిమిదో ఆయనకు పుట్టినవాడు కాదని తేలి, బిరుదు రెండో కొడుకు శాఖలోని మనవడికి దక్కింది. 2016లో ఆ నిర్ణయం చెప్పింది కూడా ప్రివీ కౌన్సిలే. అక్కడ ప్రశ్న కన్న కొడుకా కాదా అన్నదే కాబట్టి డీఎన్ఏ జవాబివ్వగలిగింది.

అందుకే పరీక్షకు ముందు ప్రశ్నను కాగితం మీద ఒక్క వాక్యంలో రాసుకోవాలి. ‘ఫలానా వారి పెద్ద కొడుకు కన్నవాడా, దత్తతా?’ అన్నంత స్పష్టంగా. ఆ ప్రశ్నకు ఎవరి నమూనా కావాలో అప్పుడు తెలుస్తుంది. నమూనా ఇచ్చేవాళ్లందరికీ ఫలితం ఎటైనా రావచ్చని ముందే చెప్పి, ఒప్పుకుంటేనే తీసుకోవాలి. ఒకరి ఫలితం వాళ్ల అన్నదమ్ముల గురించి కూడా చెప్పేస్తుంది. ఇంట్లో పెద్దవాళ్లుంటే ముందు వాళ్లది తీసుకోవాలి, ఎందుకంటే ఒక తరం పైకి వెళ్లే కొద్దీ పోలిక దాదాపు రెట్టింపవుతుంది, మనం దహనం చేస్తాం కాబట్టి తర్వాత తీసుకోవడానికి ఏమీ మిగలదు. దువ్వెనలో రాలిన వెంట్రుకకు కుదురు లేకపోతే సాధారణంగా తల్లి వరస మాత్రమే దొరుకుతుంది.

ఎనభై దాటిన మేనత్త ఉంటే కిట్ తెప్పించక ముందే ఆవిడ దగ్గర కూర్చోండి. ఎవరు ఎవర్ని దత్తత తెచ్చుకున్నారు, ఏ ఊరి నుంచి, ఎవరిది ఇల్లరికం, ఎవరు అక్క కూతుర్ని చేసుకున్నారు, ఆడపిల్లల్ని ఏ ఊళ్లకిచ్చారు అని అడిగి, వాళ్ల పేర్లతో సహా రాసుకోండి. చెప్పింది ఎవరో, ఏ రోజు చెప్పారో కూడా పక్కనే రాయండి.