చెప్పులేసుకుని ఫ్రిజ్ తెరిచే ఇల్లు

పర్లాకిమిడిలో మా అక్క ఇంట్లో ఫ్రిజ్ పక్కన ఒక జత రబ్బరు చెప్పులు ఎప్పుడూ ఉంటాయి. బయటికి వేసుకెళ్ళడానికి కాదు, ఫ్రిజ్ తెరవడానికి. పోయిన దసరాకి వెళ్ళినప్పుడు మంచినీళ్ళ కోసం తలుపు మీద చెయ్యి వేయబోతుంటే వంటింట్లోంచి కేకేసింది. "ఉత్తికాళ్ళతో ముట్టుకోకురా, జిమ్మంటుంది. చెప్పులేసుకుని తియ్యి."

ఎన్నాళ్ళ నుంచి ఇలా అని అడిగాను. "రెండేళ్ళయి ఉంటుంది. ఫ్రిజ్ మాత్రం బాగానే పనిచేస్తోందిరా, ఐసు కూడా గడ్డ కడుతోంది."

కరెంటు విషయంలో మనందరి పరీక్షా ఇదే. లైటు వెలుగుతోందా, ఫ్యాను తిరుగుతోందా, అయితే అంతా బాగున్నట్టే. చిక్కెక్కడంటే, ప్రాణం కాపాడే సామాను మామూలు రోజుల్లో ఏ పనీ చెయ్యదు. ఫ్యూజు, తప్పిన కరెంటుని భూమిలోకి దింపే ఎర్తు తీగ, కరెంటు కారితే ఆపేసే లీకేజీ బ్రేకరు ఊరికే కూర్చుని ఉంటాయి. చెరువుకి అలుగు ఉంటుంది చూడండి, అలాగన్నమాట. వాన పడనన్నాళ్ళూ అలుగు పూడిపోయిందో లేదో చెరువుని చూసి చెప్పలేం. ఎర్తు తెగిపోయిన ఇంట్లో కూడా ఫ్రిజ్ చల్లగానే ఉంటుంది.

ముందు ఆ జిమ్మనడం సంగతి. మన శరీరంలోంచి అర మిల్లీ ఆంపియరో, ఒక మిల్లీ ఆంపియరో పోతే చిమచిమలాడుతుంది. మిల్లీ ఆంపియరంటే ఆంపియరులో వెయ్యో వంతు. రమారమి 10 మిల్లీ ఆంపియర్లు దాటితే కండరాలు మన మాట వినవు. చేతిని ముడిచే కండరాలు తెరిచే వాటికంటే బలమైనవి కాబట్టి పిడికిలి బిగుసుకుపోతుంది, తీగని వదలాలన్నా వదల్లేం. తెలుగులో దీనికి రెండు వేర్వేరు మాటలు ఉండటం నాకు భలే అనిపిస్తుంది. "కరెంటు కొట్టింది" అంటే విసిరేసింది, బతికిపోయాడు. "కరెంటు పట్టేసుకుంది" అంటే వదల్లేదు. 30 దాటితే ఊపిరి కష్టం, 50 నుంచి 100 మధ్య గుండె లయ తప్పే ప్రమాదం. కరెంటుకి తగిలే అడ్డుని ఓమ్‌లలో కొలుస్తారు. వెయ్యి ఓమ్‌ల అడ్డున్న తడి శరీరం మీద 230 వోల్టులు పడితే 230 మిల్లీ ఆంపియర్లు పోతాయి. పొడి చర్మమైతే అడ్డు చాలా ఎక్కువ. అక్క ఇంట్లో ఆ అడ్డుని పెంచుతున్నవి రబ్బరు చెప్పులు. రెండేళ్ళుగా ఆ ఇంటి రక్షణ వ్యవస్థ మొత్తం అవే.

ఇల్లు గురించి కూడా కొంచెం చెప్పాలి. ముందు భాగం పాత పెంకుటిల్లు. గోడల మీద చెక్క పట్టీలు, వాటి మీద క్లిప్పులతో బిగించిన తీగలు. వెనక భాగం తర్వాత వేసిన శ్లాబు, అందులో గోడలోపలి పైపుల వైరింగు. దాని వెనక వరండాకి మాత్రం పెంకులూ, గోడ మీది పాత తీగలే. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు పర్లాకిమిడి ఉన్న గజపతి జిల్లాలో కురిసిన వాన ఆ తరం మర్చిపోదు. అక్క వాళ్ళ వెనక వరండా పెంకులు లేచిపోయి గోడలు రోజుల తరబడి నానాయి. పెంకులు మళ్ళీ వేయించారు. తీగల్ని ఎవరూ చూడలేదు. కరెంటు వచ్చింది, లైటు వెలిగింది, అయిపోయింది.

మర్నాడు మిస్త్రీని పిలిచాం. నాతో తెలుగు, కుర్రాడితో ఒడియా మాట్లాడే మనిషి. చురుకైనవాడు. బల్బు హోల్డరుకి రెండు తీగలు కట్టి, మెయిన్ బోర్డు దగ్గర ఒకటి ఫేజుకీ (కరెంటు వచ్చే తీగ), ఇంకోటి ఎర్తు తీగకీ పెట్టాడు. వంద వాట్ల బల్బు భగ్గున వెలిగింది.

"చూడండి సార్, ఎలా వెలిగిపోతోందో! మీ ఎర్త్ ఫస్ట్ క్లాస్."

ఈ బల్బు పరీక్ష మన దగ్గర ఎంత ప్రసిద్ధమో అంత మోసం. లెక్క వేసి చూద్దాం. వెలుగుతున్న వంద వాట్ల బల్బు అడ్డు సుమారు 530 ఓమ్‌లు. ఎర్తు దారిలో 100 ఓమ్‌ల అడ్డు ఉందనుకోండి, అది చాలా చెడ్డ ఎర్తు. మొత్తం 630. అప్పుడు కరెంటు 0.37 ఆంపియర్లు, బల్బుకి దక్కేది 70 వాట్లు. వందకీ డెబ్బైకీ తేడా పక్కపక్కన పెట్టి చూస్తే తప్ప కంటికి తెలియదు. ఇప్పుడు అదే ఎర్తు ఉన్న ఇంట్లో ఫేజు తీగ ఊడి ఫ్రిజ్ ఇనుప ఒంటికి తగిలిందనుకోండి. భూమిలోకి పోయేది 230ని వందతో భాగిస్తే వచ్చే 2.3 ఆంపియర్లే. 16 ఆంపియర్ల ఫ్యూజుకి అది ఓ లెక్కే కాదు. అది కరగదు, ఫ్రిజ్ ఒంటి మీద దాదాపు 230 వోల్టులూ అలాగే నిలబడి ఉంటాయి. బల్బు మాత్రం ఎర్తు బ్రహ్మాండం అని చెబుతుంది. (ఈ పరీక్ష ఇంట్లో మీరు చేసి చూడకండి. చేతిలో ఫేజు తీగ పట్టుకునే పని అది.)

పైగా మెయిన్ బోర్డు దగ్గర ఉన్న ఎర్తు ఫ్రిజ్ దాకా వచ్చిందో లేదో వేరే సంగతి. అదే బల్బుని ఫ్రిజ్ సాకెట్ దగ్గర పెట్టమన్నాను. వెలగలేదు. సాకెట్ విప్పితే పైనున్న లావు రంధ్రానికి అసలు తీగే లేదు! మూడు పిన్నుల ప్లగ్గులో ఆ పిన్ను లావుగా, పొడుగ్గా ఉండటానికి కారణం ఉంది. లావు కాబట్టి వేరే రంధ్రంలో దూరదు. పొడుగు కాబట్టి ప్లగ్గు పెడుతున్నప్పుడు ముందుగా ఎర్తే తగులుతుంది, తీస్తున్నప్పుడు చివరగా అదే వదులుతుంది. ఇంత ఆలోచించి చేసిన పిన్ను మన ఇళ్ళలో చాలాచోట్ల ఖాళీ కంతలో కూర్చుంటోంది. రెండు పిన్నుల అడాప్టర్లు పెట్టి ఎర్తుని మనమే తీసేసే ఇళ్ళ సంగతి ఇక చెప్పక్కర్లేదు.

ఎర్తు తీగ భూమిలోకి దిగే గుంతని సరిగ్గా కొలవడానికి వేరే పరికరం ఉంది, ఎర్త్ టెస్టర్. గుంతకి కొంత దూరంలో రెండు ఇనుప కడ్డీలు దిగ్గొట్టి కొలుస్తారు. మిస్త్రీ మర్నాడు ఎవరో కంట్రాక్టరు దగ్గర అడిగి తెచ్చాడు. 64 ఓమ్‌లు చూపించింది, అదీ వానాకాలం ఇంకా పూర్తిగా పోకముందు. ఇళ్ళకి 5 లోపు ఉంటే మంచిదంటారు.

ఇందులో మిస్త్రీ తప్పు కంటే నేల తప్పు ఎక్కువ. పర్లాకిమిడి నుంచి గుణుపురం, రాయగడ మీదుగా కొరాపుట్ దాకా తూర్పు కనుమల రాళ్ళే. ఇక్కడి రాయిని ఖోండలైట్ అంటారు, ఇక్కడి ఖోండులనే గిరిజనుల పేరు మీదే ఆ పేరొచ్చింది. రాయి కరెంటుని మోయదు. మోసేది రాళ్ళ మధ్య మట్టిలోని తడి, ఆ తడిలో కరిగిన లవణాలు. ఎర్తు గుంతలో బొగ్గూ ఉప్పూ వేసి నీళ్ళు పోసేది అందుకే. ఎండాకాలంలో నెలకోసారైనా ఆ గుంతలోని గొట్టంలో రెండు బిందెల నీళ్ళు పోయమని పాతకాలం మిస్త్రీలు చెప్పేవారు. ఇప్పుడు ఆ గొట్టం మీద టైల్సు వేసేస్తున్నారు.

కొండ నేలలో 5 ఓమ్‌ల ఎర్తు సాధించడం కష్టం, ఖర్చు. అందుకే నేను చెప్పేది ఒకటే. డబ్బులు ఒక్కదానికే ఉంటే లీకేజీ బ్రేకరుకి పెట్టండి. ఆర్‌సీసీబీ అని అడిగితే షాపులో ఇస్తారు, దాని మీద 30 మిల్లీ ఆంపియర్లు అని రాసి ఉండాలి. అది చేసే పని విచిత్రంగా సులువు. ఫేజు, న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్ళే తీగ) రెండూ ఒక ఇనుప ఉంగరంలోంచి వెళ్తాయి. వెళ్ళిన కరెంటంతా తిరిగొస్తే రెండింటి అయస్కాంత ప్రభావం ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది. ఎవరి ఒంట్లోంచో తడిగోడలోంచో కొంత భూమిలోకి జారిపోతే లెక్క తేడా వస్తుంది. తేడా 30 మిల్లీ ఆంపియర్లకి చేరితే సెకనులో మూడో వంతు కూడా పట్టకుండా కట్ చేసేస్తుంది. తేడా బాగా ఎక్కువైతే ఇంకా త్వరగా. మన 64 ఓమ్‌ల చెడ్డ ఎర్తుకి కూడా దీనితో పని జరుగుతుంది, ఎందుకంటే దానికి కావలసింది ఆంపియర్లు కాదు, మిల్లీ ఆంపియర్లు. అలాగని ఎర్తు అక్కర్లేదని కాదు. ఎర్తు లేకపోతే మనిషి ముట్టుకున్నాకే అది పడుతుంది, ఉంటే ముందే పడుతుంది. ఇంకో మాట, ఒక చేత్తో ఫేజు, ఇంకో చేత్తో న్యూట్రల్ పట్టుకున్నవాణ్ణి ఇది కాపాడలేదు. దాని లెక్కలో అతను బల్బుతో సమానం.

ఇప్పుడు ఫ్యూజు. మన వాళ్ళు ఫీజు అంటారు, "ఫీజు పోయింది" అని. పాత బోర్డులో పింగాణీ కట్ట లాగి చూస్తే అందులో ఫ్యూజు తీగ బదులు మామూలు వైరులోంచి పీకిన మూడు రాగి పోగులు పేని ఉన్నాయి. ఏ మందం తీగ ఎంత కరెంటుకి కరుగుతుందో 19వ శతాబ్దంలోనే విలియం ప్రీస్ అనే బ్రిటిష్ తపాలా శాఖ ఇంజనీరు లెక్క కట్టాడు. ఆ లెక్కన 0.2 మిల్లీమీటర్ల రాగి పోగు ఒక్కటి సుమారు 7 ఆంపియర్ల దగ్గర కరుగుతుంది. మూడు పేనితే 20 దాటాలి. మాటిమాటికీ పోతోందని మొత్తం తీగే పెట్టేస్తే, 1.1 మిల్లీమీటర్ల మందానికి 90 పైచిలుకు. గోడలో ఉన్న సన్న తీగ అంత మోయలేదు కదా, కరిగేది అప్పుడు గోడలో తీగ తొడుగు. ఎంసీబీ (ఫ్యూజు బదులు పెట్టే స్విచ్) పడిపోతోందని 16 తీసి 32 పెట్టించడమూ ఇదే.

వేడి గురించి ఒక లెక్క చెప్పి ముందుకెళ్తాను. 2000 వాట్ల గీజరు సుమారు 8.7 ఆంపియర్లు లాగుతుంది. ప్లగ్గులో పిన్ను వదులై అక్కడ అర ఓమ్ అడ్డు వచ్చిందనుకోండి. కరెంటు వర్గాన్ని అడ్డుతో గుణిస్తే 38 వాట్లు. రేడియో బాగుచేసే సోల్డరింగ్ ఐరన్ మామూలుగా 25 వాట్లు. అంతకంటే ఎక్కువ వేడి శనగ గింజంత చోట, ప్లాస్టిక్ మధ్యలో! ఏ ఫ్యూజూ, ఏ బ్రేకరూ దీన్ని పట్టుకోలేదు, ఎందుకంటే కరెంటు పెరగలేదు, లీకూ అవ్వలేదు. దీన్ని పట్టుకోగలిగేవి మన ముక్కూ, చెయ్యే. గీజరు ఇరవై నిమిషాలు నడిచాక స్విచ్ ఆపి ప్లగ్గు తీసి పట్టుకుని చూడండి. గోరువెచ్చగా ఉంటే ఫరవాలేదు. చెయ్యి పెట్టలేకపోతే సాకెట్ మార్చాలి. బోర్డు మీద గోధుమరంగు మచ్చ, చిటచిట శబ్దం, చేపల కంపు లాంటి కాలిన వాసన, ఇవన్నీ అదే జబ్బు.

ఏదీ విప్పకుండా ఇంట్లోనే చేసుకోదగ్గ పరీక్ష ఇంకోటుంది. మీటరు మీద మిణుకుమనే ఎర్ర దీపం ఉంటుంది. పక్కన 3200 అని ఉంటే, యూనిట్ కరెంటుకి అన్నిసార్లు మిణుకుతుందని. ఇంట్లో ప్లగ్గులన్నీ పీకేసి, స్విచ్‌లన్నీ ఆపి, ఇన్వర్టర్ కూడా ఆపి దాని ముందు పది నిమిషాలు నిలబడండి. మెయిన్ మాత్రం వేసే ఉంచాలి. వాడేవాళ్ళు ఎవరూ లేనప్పుడు అది మిణుకుతుంటే కరెంటు ఎక్కడికో కారుతున్నట్టు. 0.1 ఆంపియరు కారినా దాదాపు యాభై సెకన్లకోసారి మిణుకుతుంది. అక్క ఇంట్లో నిమిషానికి అటూ ఇటూగా ఒకసారి మిణికింది.

ఎక్కడ కారుతోందో ఆర్‌సీసీబీ పెట్టగానే తెలిసింది. పైకెత్తితే నిలవదు, వెంటనే టప్పుమని పడిపోతుంది. "మీ ఫ్రిజ్జే సార్" అన్నాడు మిస్త్రీ. ఫ్రిజ్ పీకేసినా పడిపోయింది. "పీసు బాలేదు, మారుస్తాను" అన్నాడు. ఇక్కడే చాలా ఇళ్ళలో ఆర్‌సీసీబీని పక్కకి తప్పించి తీగలు నేరుగా కలిపేస్తారు. ముఖ్యంగా ఇన్వర్టర్ ఉన్న ఇళ్ళలో, దాని న్యూట్రలూ మెయిన్ న్యూట్రలూ కలగలిసిపోయి లెక్క తేడా వస్తుంది. వైరింగు సరిచేయాల్సింది పోయి కాపలావాడిని తీసేస్తారు. మేము ఒక్కో లైను ఫేజూ న్యూట్రలూ రెండూ విప్పుతూ వచ్చాం. వెనక వరండా లైను విప్పగానే నిలబడింది. తుపానుకి నానిన ఆ గోడ మీద పాత తీగ తొడుగు వేలితో నొక్కితే పొడిపొడిగా రాలింది. దానికి రెండు జానల దూరంలో బట్టలారేసే దండెం, అదీ జీఐ తీగతో, అంటే జింకు పూసిన ఇనుప తీగతో కట్టింది. నాకు నిజంగా టెన్షన్ పుట్టింది అప్పుడే. దండెం తీసేసి నైలాను తాడు కట్టించాం, వరండా లైను మొత్తం మార్పించాం, ఫ్రిజ్ సాకెట్‌కి ఎర్తు లాగించాం. సామాను, కూలీ కలిపి అక్క అనుకున్నంత అవ్వలేదు.

వచ్చే ముందు ఆర్‌సీసీబీ మీద "టి" అని ఉన్న బొత్తాం చూపించాను. నెలకోసారి నొక్కాలి, నొక్కగానే పడిపోవాలి, పడకపోతే మార్చాలి. క్యాలెండరులో ప్రతి నెలా అమావాస్య పక్కన రాసి పెట్టుకుంది.

దీపావళి వెళ్ళిన వారానికి అక్క ఫోను. "నువ్వు పెట్టించిన పెట్టె ఊరికే పడిపోతోందిరా. బోరు మోటారు వేస్తే చాలు, ఇల్లంతా చీకటి. అది తీయించెయ్యనా?"

"మోటారు ప్లగ్గు పీకి చూడు."

పీకి చూసింది. పెట్టె నిలబడింది.

"మోటారు నిన్నటిదాకా బాగానే తిరిగింది కదరా, నీళ్ళు కూడా బాగానే పడ్డాయి" అంది అక్క.

మోటారు ఇప్పుడు రివైండింగ్ షాపులో ఉంది.