బండల ఊరి నుంచి మనవలకు ఉత్తరం

చిన్నూ, పండూ,

మొన్న వీడియో కాల్‌లో అడిగారు కదా, "అమ్మమ్మా, ప్రపంచంలో చూసి తీరాల్సిన వింతలేవో చెప్పు, పెద్దయ్యాక వెళ్తాం" అని. ఫోన్‌లో చెబితే సగం విని ఆటలో పడతారు. అందుకే కూర్చుని రాస్తున్నాను.

నేను కళ్లారా చూసినవాటిలో పెద్దది అమెరికాలోని గ్రాండ్ కాన్యన్. మీ మామయ్య తీసుకెళ్లాడు. అంచు దాకా మామూలు నేలే, మామూలు చెట్లే. ఇంకో నాలుగడుగులు వేశామో లేదో, ఎదురుగా భూమి లేదు! కొన్నిచోట్ల 1,800 మీటర్ల లోతు. పొడవు 446 కిలోమీటర్లు. ఎక్కడో అట్టడుగున దారప్పోగులా కొలరాడో నది. ఇంత పనీ చేసింది ఆ దారప్పోగే. అక్కడి నేల ఏనాడో పైకి లేచింది. ఎత్తు మీంచి దిగే నది ఇసుకనూ రాళ్లనూ ఈడ్చుకొస్తూ, ఇసుక వేసి గిన్నె తోమినట్టు అడుగును అరగదీసింది. అలా 50, 60 లక్షల ఏళ్లు.

లోయ అట్టడుగున నల్లటి రాయి కనిపిస్తుంది. దాని పేరు విష్ణు శిస్ట్. అవును, మన విష్ణుమూర్తి పేరే! అక్కడి శిఖరాల్లో శివాలయం, విష్ణ్వాలయం అనే పేర్లున్నవి కూడా ఉన్నాయి. ఆ శిఖరాలకు 19వ శతాబ్దంలో క్లారెన్స్ డటన్ అనే భూగర్భ శాస్త్రవేత్త పెట్టిన పేర్లవి.

నాకు అన్నిటికన్నా నచ్చింది మాత్రం లోయ అంచున వేసిన ఒక కాలిబాట. అందులో ఒక్కో మీటరుకూ 10 లక్షల ఏళ్లు లెక్క. నడుస్తుంటే పక్కన ఆయా కాలాల రాళ్లు పెట్టి ఉంటాయి, చేత్తో తడిమి చూడొచ్చు. ఆ లోయలో దొరికిన అతి పాత రాయి వయసు 184 కోట్ల ఏళ్లు. అంటే 1,840 మీటర్లు నడిస్తే దాని దగ్గరికి చేరతాం.

ఇప్పుడు మీరు లెక్క కట్టండి. మన హైదరాబాద్ బండల వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. ఆ బాటలో మన బండను పెట్టాలంటే ఎంత దూరం నడవాలి? 2,500 మీటర్లు! వాళ్ల అతి పాత రాయిని దాటి ఇంకో 660 మీటర్లు. ఖాజాగూడలో మీరు జారుడుబండ ఆడుకున్న గుట్ట, గోల్కొండ కోట కూర్చున్న గుట్ట, మౌలాలి గుట్ట, అన్నీ ఆ వయసువే.

ఈ బండలు ఒకదాని మీద ఒకటి ఎవరో పేర్చినట్టు ఎందుకుంటాయని మీరు అడిగారు గుర్తుందా? ఎవరూ పేర్చలేదు. భూమి లోపల కరిగిన రాయి మెల్లగా, చాలా మెల్లగా చల్లారి గ్రానైట్ అయింది. పైనున్న బరువంతా కొట్టుకుపోయాక నిలువునా అడ్డంగా పగుళ్లిచ్చింది. ఆ పగుళ్లలోకి వాననీళ్లు దిగాయి. చెమ్మ తగిలిన బెల్లం దిమ్మకు మూలలే ముందు కరుగుతాయి చూడండి, అలాగే రాతి మూలలు ముందు మెత్తబడి మట్టయ్యాయి. ఆ మట్టిని వానలు కడిగేస్తే, గుండ్లు పుట్టినచోటే ఒకదాని మీద ఒకటి నిలబడిపోయాయి. దగ్గరగా చూస్తే ఉల్లిపొరల్లా పెచ్చులు లేస్తుంటాయి. గులాబీ రంగు పలుకులు ఫెల్డ్‌స్పార్, గాజులా మెరిసేవి క్వార్ట్జ్, నల్లటి చిన్న రేకులు అభ్రకం. సాయంత్రం పూట చెయ్యి ఆనిస్తే పగటి ఎండ ఇంకా వెచ్చగా తగులుతుంది.

మా కాలనీ వెనక ఏనుగంత గుండు ఒకటి ఉండేది. సెల్లారు కోసం పేల్చేశారు. రెండు రోజులు కిటికీలు అదిరాయి. 250 కోట్ల ఏళ్లు నిలబడ్డది రెండు రోజుల్లో కంకరైపోయింది. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు.

సరే, నేను చూడనివీ చెబుతాను, మీరు చూసి రావాలి. ఆఫ్రికాలో జాంబెజి నది మీద విక్టోరియా జలపాతం: 1,700 మీటర్ల వెడల్పు, వంద మీటర్లకు పైగా ఎత్తు. అక్కడివాళ్లు దాన్ని మోసి ఓ తున్యా అంటారు, ఉరిమే పొగ అని అర్థం. నీళ్లు నిండుగా ఉన్నప్పుడు, పున్నమి రాత్రి, వెన్నెలకే ఇంద్రధనుస్సు పడుతుంది! బొలీవియాలో ఉయుని అనే ఉప్పు మైదానం ఉంది, పదివేల చదరపు కిలోమీటర్లకు పైనే. వానాకాలంలో దాని మీద పల్చగా నీళ్లు నిలిస్తే ఆకాశం కాళ్ల కింద కనిపిస్తుందట. నార్వే ఉత్తరాన చలికాలం రాత్రుల్లో ఆకాశంలో కనిపించే ధ్రువకాంతి. సూర్యుడి నుంచి వచ్చే కణాలు పైగాలిలోని ఆక్సిజన్‌ను తాకితే ఆకుపచ్చటి వెలుగు పుడుతుంది.

వాటికి టికెట్లు కొనేంత పెద్దయ్యేలోపు, దసరా సెలవులకు ఇక్కడికి రండి. పొద్దున్నే ఎండ ఎక్కకముందే ఖాజాగూడ గుట్ట ఎక్కుదాం. తాతయ్య పేపరు చదువుకునే భూతద్దం అడిగి ఉంచాను. చెప్పులు వద్దు, బూట్లు వేసుకురండి.

మీ అమ్మమ్మ,
హైదరాబాద్