అర్ధరాత్రి పొరుగింటి మోత: అపోహలు – వాస్తవాలు

స్థలం తగాదా మీద నా కార్యాలయానికి వచ్చేవారు కాగితాల కట్టతో వస్తారు. పొరుగింటి మోత మీద వచ్చేవారు మాత్రం వట్టి చేతులతో, నిద్ర కరువైన కళ్లతో వస్తారు. హైదరాబాద్‌లో సివిల్ న్యాయవాదిగా అపార్ట్‌మెంట్ వివాదాలు చూస్తూ, లోక్ అదాలత్‌లలో ఇరుపక్షాలను ఎదురెదురుగా కూర్చోబెట్టి మాట్లాడిస్తూ ఇన్నేళ్లలో నేను గమనించినది ఒకటుంది. వీరిలో చాలామందికి న్యాయం ఆలస్యమయ్యేది చట్టం లేక కాదు. ఏ శబ్దం, ఏ సమయానికి, ఎంతసేపు వస్తోందో స్పష్టంగా చెప్పలేకపోవడం వల్ల. దానికి తోడు అందరి నోటా వినిపించే సగం నిజాలు వారిని తప్పుదారి పట్టిస్తుంటాయి. వాటిలో తరచుగా నా ముందుకు వచ్చేవాటిని ఇక్కడ వివరిస్తున్నాను.

అపోహ: పై అంతస్తువారు మా మీద కక్షతో, కావాలనే చప్పుడు చేస్తున్నారు.

వాస్తవం: కావాలని చేసేవారు లేకపోలేదు గానీ, నేను చూసిన వివాదాలలో వారు తక్కువ. పాట, మాట, టీవీ శబ్దం గాలి ద్వారా ప్రయాణిస్తాయి. కుర్చీ కాలు గచ్చును రాసుకున్నప్పుడు, వంటగది గట్టు మీద గ్రైండర్ తిరుగుతున్నప్పుడు, గోడకు బిగించిన ప్రెషర్ పంపు ఆన్ అయినప్పుడు పుట్టే అదురు మాత్రం నేరుగా స్లాబులోకి దిగి, దూలాల గుండా, స్తంభాల గుండా పాకి, కింది గది పైకప్పును డప్పుతోలులా మోగిస్తుంది. అందుకే చేసేవారి చెవికి అంతగా ఆనని చప్పుడు కింద పడుకున్నవారికి పిడుగుపాటులా తోస్తుంది. ఒక్కోసారి ఆ శబ్దం సరిగ్గా పైనున్న ఫ్లాటు నుంచి కాక, పక్క వరుసలోని ఫ్లాటు నుంచి కూడా రావచ్చు. అలాంటప్పుడు ఏ పాపమూ ఎరుగని కుటుంబం మీద నింద పడుతుంది.

కొంతకాలం క్రితం ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు నా దగ్గరకు వచ్చారు. పై ఫ్లాటులో అద్దెకు ఉంటున్న యువకుడు రోజూ రాత్రి ఒంటిగంట తర్వాత ఇనుప సామాను ఈడుస్తున్నాడని ఆయన ఫిర్యాదు. కోపం పట్టలేక ఆయన బూజుకర్రతో పైకప్పు మీద కొట్టడం మొదలుపెట్టారు. మంచం మీద పైకప్పుకు సున్నం రాలిపోయి గుండ్రటి మచ్చ పడింది. ఆ చప్పుడు విని పైనున్న యువకుడు, కింది పెద్దాయన తనను అకారణంగా వేధిస్తున్నారని అసోసియేషన్‌కు రాతపూర్వకంగా ఫిర్యాదు చేశాడు. నోటీసు పంపే ముందు నాకు ఒక ఆదివారం సాయంత్రం ఇవ్వమని ఇద్దరినీ అడిగాను. ఆ యువకుణ్ణి ఉపాధ్యాయుడి పడకగదిలోనే కూర్చోబెట్టి, పైన అతని స్నేహితుణ్ణి రోజూ పని చేసుకునే కుర్చీలో కూర్చుని లేవమన్నాము. గర్రుమని మోత వచ్చింది. ఆ అబ్బాయి తలెత్తి పైకి చూసి, కాసేపు నోట మాట లేకుండా ఉండిపోయి, "మాస్టారూ, కింద ఇంత మోత వస్తుందని నాకు నిజంగా తెలియదండీ" అన్నాడు. "నేనూ కర్రతో కొట్టే బదులు పైకొచ్చి ఒక మాట చెప్పాల్సింది బాబూ" అన్నారు ఆయన. అమెరికా షిఫ్టులో పని చేసే ఆ అబ్బాయి కుర్చీకి ఉన్న 5 చక్రాలలో ఒకటి విరిగి, దాని ఇనుప కాడ టైల్స్ మీద రాసుకుంటోంది. కొత్త చక్రాలు, కింద పరవడానికి ఒక మందపాటి రబ్బరు మ్యాట్‌తో ఆ వివాదం ముగిసింది.

అపోహ: గోడకు కోడిగుడ్ల అట్టలో, థర్మోకోల్ షీట్లో, స్పాంజి షీట్లో అంటిస్తే పక్కింటి శబ్దం ఆగిపోతుంది.

వాస్తవం: ఆగదు. తేలికైన స్పాంజి షీట్లు గదిలోపల పుట్టే ప్రతిధ్వనిని తగ్గించగలవే తప్ప, అవతలి నుంచి వచ్చే శబ్దాన్ని అడ్డుకోలేవు. అడ్డుకోవడానికి బరువు కావాలి, సందులు మూసుకోవాలి. తలుపు కింది సందును, కిటికీ రెక్కల మధ్య ఖాళీని మూయడానికి పెట్టే కొద్దిపాటి ఖర్చు ఆ షీట్ల కంటే ఎక్కువ ఫలితమిస్తుంది.

అపోహ: మా ఇంట్లో మేము ఎంత సౌండ్ పెట్టుకున్నా అడిగే హక్కు ఎవరికీ లేదు.

వాస్తవం: పర్యావరణ పరిరక్షణ చట్టం, 1986 కింద కేంద్ర ప్రభుత్వం 2000 సంవత్సరంలో శబ్ద కాలుష్య నియంత్రణ నియమాలను తెచ్చింది. వాటి ప్రకారం రాత్రి అంటే 10 గంటల నుంచి ఉదయం 6 గంటల వరకు. నివాస ప్రాంతాలలో శబ్ద పరిమితి పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45 డెసిబెల్స్. సొంత ఇంట్లోని సౌండ్ సిస్టమ్ అయినా, దాని శబ్దం ఆ ఇంటి హద్దు దగ్గర ఈ పరిమితిని 5 డెసిబెల్స్‌కు మించి దాటకూడదు. సుప్రీంకోర్టు 2005 జులై 18న శబ్ద కాలుష్యంపై ఇచ్చిన తీర్పులో, రాజ్యాంగంలోని 21వ అధికరణం హామీ ఇచ్చిన జీవించే హక్కులో ప్రశాంతంగా బతికే హక్కు కూడా ఉందని, భావప్రకటన స్వేచ్ఛ పేరుతో ఇతరుల చెవులలో శబ్దాన్ని బలవంతంగా నింపే హక్కు ఎవరికీ లేదని స్పష్టం చేసింది. కాబట్టి అర్ధరాత్రి సౌండ్ తగ్గించమని అడిగేవారు ఎదుటివారి దయను కోరడం లేదు. ఈ మాట ప్రత్యేకంగా ఎందుకు చెబుతున్నానంటే, నా దగ్గరకు వచ్చేవారిలో సగంమంది, ముఖ్యంగా ఒంటరిగా ఉండే పెద్దవాళ్లు, తామేదో తప్పు చేస్తున్నట్టు సంకోచిస్తూ మొదలుపెడతారు.

అపోహ: రాత్రి పది కొట్టేదాకా ఎంత మోతైనా చేయవచ్చు.

వాస్తవం: పగటికీ పరిమితి ఉంది. లౌడ్‌స్పీకర్ పెట్టాలంటే పగలైనా రాతపూర్వక అనుమతి కావాలి. రాత్రి పది తర్వాత నివాస ప్రాంతంలో హారన్ మోగించడాన్ని, మోత చేసే నిర్మాణ యంత్రాలను నడపడాన్ని ఈ నియమాలు నిషేధిస్తున్నాయి. పక్క ప్లాటులో అర్ధరాత్రి కాంక్రీటు పని పెట్టుకునే బిల్డర్లకు ఈ సంగతి గుర్తు చేయాల్సి వస్తుంటుంది.

అపోహ: డెసిబెల్ మీటరు రీడింగ్ లేకపోతే ఫిర్యాదు చెల్లదు, లేదా, ఫోన్ యాప్‌లో 80 చూపిస్తే కేసు గెలిచినట్టే.

వాస్తవం: రెండూ పొరపాటే. నియమాల ప్రకారం ఫిర్యాదుకు రెండు దారులున్నాయి. శబ్దం ఆ ప్రాంతపు పరిమితిని 10 డెసిబెల్స్ లేదా అంతకు మించి దాటడం మొదటిది. రాత్రివేళకు విధించిన ఆంక్షలలో దేనినైనా ఉల్లంఘించడం రెండవది. రాత్రి 11 గంటలకు మేడ మీద లౌడ్‌స్పీకర్ మోగుతుంటే అది రెండవ దారిలోకి వస్తుంది గనుక, ఫిర్యాదు చేయడానికి మీటరు చేతపట్టుకుని తిరగవలసిన అవసరం లేదు.

ఇక ఫోన్ యాప్ విషయం. ఫోన్ మైకును మాట వినిపించడానికి తయారు చేశారు. అది పెద్ద శబ్దాన్ని తగ్గించి, చిన్న శబ్దాన్ని పెంచి తనంతట తానే సర్దుకుంటుంది. పైగా పరిమితులన్నీ ఒక వ్యవధిలోని సగటు స్థాయికి సంబంధించినవి. ఒక్క క్షణం కనిపించిన అంకెకు ఆ విలువ లేదు. ఇంకొక చిక్కు లోతైన బేస్ మోతకు వాడే స్పీకర్లతో, అంటే సబ్‌ ఊఫర్లతో వస్తుంది. చట్టం వాడే డెసిబెల్ కొలత మనిషి చెవి తీరును అనుసరించి లోతైన బేస్ శబ్దాన్ని తక్కువగా లెక్కిస్తుంది. అందువల్ల కిటికీ అద్దం వణుకుతున్నా, గుండెల మీద దిమ్మిస కొట్టినట్టున్నా, మీటరులో అంకె మామూలుగానే కనబడవచ్చు. ఆ అంకెను చూసి, ఇక చేయగలిగిందేమీ లేదని వెనక్కి తగ్గినవారు నాకు తెలుసు.

వీటన్నిటికంటే నేను నమ్మేది ఒక మామూలు నోటుపుస్తకాన్ని. తేదీ, శబ్దం మొదలైన సమయం, ఆగిన సమయం, అది ఏ రకం శబ్దం, ఇంట్లో ఎవరికి ఏ ఇబ్బంది కలిగింది, ఎవరికి చెప్పారు, వారేమన్నారు అన్నది ఏ రోజుకారోజు రాయాలి. "రోజూ నరకం చూపిస్తున్నారు" అని రాస్తే అది ఎవరికీ పనికిరాదు. "12వ తేదీ రాత్రి 11.40 నుంచి 1.15 వరకు బేస్ పాటలు, మంచినీళ్ల గ్లాసు బల్ల మీద కదిలింది, బీపీ మాత్ర వేసుకున్న అమ్మ లేచి హాల్లో కూర్చుంది, 12.10కి వాచ్‌మన్‌తో చెప్పి పంపాము" అని రాస్తే పోలీసు అధికారీ చదువుతారు, న్యాయమూర్తీ చదువుతారు. రెండు మూడు వారాలు ఇలా రాస్తే అందులోనే ఒక క్రమం బయటపడుతుంది. ప్రతి శుక్రవారం రాత్రి వచ్చే శబ్దానికీ, రోజూ తెల్లవారుజామున 4 గంటలకు వచ్చే శబ్దానికీ కారణం ఒకటే కాబోదు. తెల్లవారుజామున వచ్చేది చాలాసార్లు టైమర్ పెట్టిన నీళ్ల మోటారుగా తేలుతుంది. వీడియో తీయదలిస్తే మీ గదిలో నిలబడి, గడియారం కనబడేలా తీయండి. పక్కవారి కిటికీలోకి కెమెరా పెడితే తప్పు మీ వైపుకు మారుతుంది. ఆ రికార్డింగ్‌ను కోర్టులో దాఖలు చేయాలంటే భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం జతచేయాలి గనుక, తీసిన ఫోన్‌ను అమ్మేయకండి.

అపోహ: పోలీసులు వచ్చి అరెస్టు చేస్తే పీడ విరగడవుతుంది.

వాస్తవం: శబ్దం జరుగుతున్నప్పుడు 100కు గానీ 112కు గానీ ఫోన్ చేయడం సరైన పనే. గస్తీ సిబ్బంది వచ్చి ఆపిస్తారు, మీరు ఫోన్ చేసినట్టు నమోదవుతుంది. అంతకు మించి ఆ రాత్రే ఏదో జరిగిపోతుందని ఆశించకూడదు. భారతీయ న్యాయ సంహిత 292వ సెక్షన్ కింద నలుగురికీ ఇబ్బంది కలిగించే పనికి, అంటే పబ్లిక్ న్యూసెన్స్‌కు శిక్ష 1,000 రూపాయల వరకు జరిమానా మాత్రమే. మేజిస్ట్రేట్ అనుమతి లేకుండా పోలీసులు దర్యాప్తు చేయగల నేరాల కోవలోకి అది రాదు. ఆపమని అధికారి ఆదేశించిన తర్వాత కూడా కొనసాగిస్తే మాత్రం 293వ సెక్షన్ కింద 6 నెలల వరకు సాధారణ జైలు శిక్ష గానీ, 5,000 రూపాయల వరకు జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. అంటే బలం ఆ రాత్రి ఫోన్ చేయడంలో కంటే, మర్నాడు ఇచ్చే రాతపూర్వక ఫిర్యాదులో ఎక్కువగా ఉంది. 2000 నాటి నియమాల కింద చర్య తీసుకునే అధికారం జిల్లా మేజిస్ట్రేటుకు, పోలీసు కమిషనరుకు, డీఎస్పీ స్థాయికి తగ్గకుండా ఇందుకోసం నియమితులైన అధికారులకు ఉంటుంది. కనుక స్టేషనులో ఇచ్చిన ఫిర్యాదు నకలును వారికి కూడా పంపి, అందినట్టు ముద్ర వేయించుకోవాలి.

అపోహ: పండుగలకు, పెళ్లిళ్లకు ఈ నియమాలు వర్తించవు.

వాస్తవం: వర్తిస్తాయి. సాంస్కృతిక, మతపరమైన పండుగల సందర్భంగా రాత్రి 10 నుంచి 12 గంటల వరకు లౌడ్‌స్పీకర్లను అనుమతించే వీలు రాష్ట్ర ప్రభుత్వానికి ఉంది. అదీ ఏడాదికి మొత్తం 15 రోజులకు మించకూడదు. ఇంట్లో బారసాలకో పుట్టినరోజుకో మేడ మీద డీజే పెట్టుకునేవారికి ఆ వెసులుబాటు వర్తించదు. ఇతరుల ప్రశాంతతను భంగపరుస్తూ ప్రార్థనలు చేయమని ఏ మతమూ చెప్పలేదని సుప్రీంకోర్టు 2000 సంవత్సరంలోనే చెప్పింది. మండపం నిర్వాహకులతో మాట్లాడదలిస్తే పండుగకు వారం ముందే, స్పీకర్లు కట్టకముందే మాట్లాడండి. స్పీకరు ముఖం ఎటు తిప్పాలన్నది అప్పుడైతే సులువుగా తేలుతుంది.

అపోహ: మాట వినని ఫ్లాటుకు అసోసియేషన్ నీళ్లు, కరెంటు ఆపేయవచ్చు.

వాస్తవం: అది చేయకూడని పని. అసోసియేషన్ బైలాలలో నిశ్శబ్ద వేళలను చేర్చవచ్చు, నోటీసు ఇవ్వవచ్చు, సర్వసభ్య సమావేశంలో తీర్మానం చేయవచ్చు. నీళ్లు ఆపిన మరుక్షణం బాధితుల స్థానంలోకి ఎదుటివారు వస్తారు, అసలు ఫిర్యాదు మరుగున పడిపోతుంది. అద్దెకు ఉండేవారికి ఫిర్యాదు చేసే అర్హత లేదనే మాటా ఇలాంటిదే. నియమాలలో యజమాని, కిరాయిదారు అన్న తేడా లేదు.

అపోహ: రాత్రి వినిపించే ఏ శబ్దమైనా న్యూసెన్సే.

వాస్తవం: ఈ ఒక్క విషయంలో నా దగ్గరకు వచ్చినవారిని నేనే వెనక్కి పంపాను. పసిబిడ్డ ఏడుపు, మంచాన పడిన మనిషి దగ్గు, మతిమరుపు వ్యాధితో రాత్రంతా ఇంట్లో తిరిగే పెద్దావిడ అడుగుల చప్పుడు కేసులు కావు. సాధారణ మనిషి, సాధారణ జీవనంలో భరించలేనంత ఇబ్బందినే న్యాయస్థానం చూస్తుంది. అతి సున్నితమైన చెవిని కొలబద్దగా తీసుకోదు. ఎనిమిది నెలల పాప తల్లి మీద నోటీసు పంపమని ఒకరు అడిగినప్పుడు నేను ఒప్పుకోలేదు. పాప ఊయల కొక్కేన్ని ఉమ్మడి గోడ నుంచి అవతలి గోడకు మార్పించగలరేమో అడగమన్నాను. వారు మార్చుకున్నారు.

అపోహ: కోర్టుకెక్కితే ఏళ్లూపూళ్లూ పడుతుంది.

వాస్తవం: పూర్తి స్థాయి దావాకు కాలం పడుతుందన్నది నిజమే. అయితే దావాతో పాటే సివిల్ ప్రొసీజర్ కోడ్ 39వ ఆర్డరు కింద తాత్కాలిక ఇంజంక్షన్, అంటే దావా తేలేలోపు శబ్దాన్ని ఆపించే ఉత్తర్వు, కోరవచ్చు. దానికంటే ముందు నేను సూచించేది మండల న్యాయ సేవల కమిటీలో గానీ, జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో గానీ కేసు వేయకముందే రాజీ కోరే ప్రీ-లిటిగేషన్ దరఖాస్తు ఇవ్వడం. కోర్టు ఫీజు ఉండదు. ఎదుటివారికి నోటీసు వెళుతుంది. లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే దాని మీద ఇచ్చే అవార్డుకు (ఉత్తర్వుకు) సివిల్ కోర్టు డిక్రీతో సమానమైన విలువ ఉంటుంది, దాని మీద అప్పీలు ఉండదు. ఎదుటివారు రాకపోతే, ఒప్పుకోకపోతే దావా దారి ఎలాగూ తెరిచే ఉంటుంది.

ఆ రాజీపత్రం రాసేటప్పుడు నేను పట్టుబట్టేది ఒక్కటే. "ఇకపై శబ్దం చేయము" అన్న వాక్యాన్ని రాయనివ్వను, ఎందుకంటే అది ఎవరూ నిలబెట్టుకోలేని మాట, ఉల్లంఘించారని రుజువు చేయడమూ కష్టం. ఈ మధ్య ఒక ఒప్పందంలో ఇలా రాయించాను: సబ్‌ ఊఫరును ఉమ్మడి గోడ నుంచి తీసి ఎదుటి గోడ వైపు, రబ్బరు దిమ్మల మీద పెట్టాలి; రాత్రి 9.30 తర్వాత దాని స్విచ్ ఆపి ఉంచాలి. ఇంట్లో శుభకార్యం ఉంటే రెండు రోజుల ముందు పక్కవారికి చెప్పాలి. ఇబ్బంది కలిగితే పక్కవారు ముందుగా ఫోన్ చేయాలి, తలుపు బాదకూడదు. ఇరువైపులవారూ తమ ఫోన్ నంబర్లను ఒకరికొకరు మొదటిసారిగా ఆ కాగితం మీదే రాసుకున్నారు.