పది డాలర్ల పందెం: హోవార్డ్ న్యాయ కళాశాల నేపథ్యం

అమెరికాలో న్యాయ కళాశాలలు పేదలకు ఉచితంగా న్యాయ సహాయం చేయడం, జాతి వివక్షపై కేసులు నడపడం ఇవాళ మామూలు విషయమే. వాటిని చదువుకు అదనంగా చేసే సేవగానే ఎక్కువమంది లెక్కిస్తారు. ప్రధానంగా నల్లజాతివారు చదువుకునే, వాషింగ్టన్‌లోని హోవార్డ్ విశ్వవిద్యాలయ న్యాయ కళాశాలలో మాత్రం ఒకప్పుడు ఆ పనే అసలు చదువు.

అంతర్యుద్ధం ముగిసిన నాలుగేళ్లకు, 1869లో మొదలైన ఈ కళాశాల చాలాకాలం పగలు ఉద్యోగాలు చేసుకునేవారి కోసం సాయంత్రం తరగతులతో నడిచింది. ఈలోగా, 1896లో ప్లెసీ కేసులో సుప్రీంకోర్టు 'వేరుగా ఉంచినా సమానంగా చూస్తే చాలు' అని తేల్చడంతో బడి నుంచి రైలు పెట్టె దాకా నల్లవారిని విడిగా ఉంచడానికి రాజ్యాంగం అండ దొరికినట్టయింది.

1929లో కళాశాల పగ్గాలు చేపట్టిన చార్లెస్ హ్యామిల్టన్ హ్యూస్టన్ సాయంత్రం తరగతులు ఎత్తివేసి, ప్రమాణాలు పెంచి, 1931లో న్యాయవాదుల జాతీయ సంఘమైన అమెరికన్ బార్ అసోసియేషన్ గుర్తింపు తెచ్చారు. కూలినాలి చేసుకుంటూ చదివేవారికి దీనితో తలుపు మూసుకుపోయిందన్న మాట కాదనలేనిది. కానీ సమాజాన్ని మార్చలేని న్యాయవాది సమాజానికి భారమేనని నమ్మిన హ్యూస్టన్‌కు కావలసింది పట్టాలు కాదు, నల్లవారిని వేరుగా ఉంచే చట్టాలతో తలపడగల దళం. 1934లో ఆయనే కెమెరా పట్టుకుని దక్షిణ కరోలినా పల్లెల్లో నల్లపిల్లల బడులు ఎంత అధ్వానంగా ఉన్నాయో చిత్రీకరించుకొచ్చారు.

నల్లవారిని చేర్చుకోని మేరీల్యాండ్ న్యాయ కళాశాల సొంత ఊళ్లోనే ఉన్నా, థర్గుడ్ మార్షల్ బాల్టిమోర్ నుంచి రోజూ రైల్లో హోవార్డ్‌కు వచ్చి చదివి, 1933లో తరగతిలో మొదటివాడిగా బయటికొచ్చారు. రెండేళ్లకే, గురువు హ్యూస్టన్‌తో కలిసి వాదించి, అదే మేరీల్యాండ్ కళాశాలలో డొనాల్డ్ మర్రే అనే నల్లజాతి విద్యార్థికి సీటు ఇప్పించారు. అప్పటి ఎత్తుగడ ప్లెసీ తీర్పును నేరుగా ఢీకొట్టడం కాదు. 'సమానమంటున్నారు కదా, ఏదీ, చూపించండి' అని రాష్ట్రాలను నిలదీయడం.

ఈ జాగ్రత్తను ప్రశ్నించింది ఒక విద్యార్థిని. తన తరగతిలో ఏకైక మహిళ అయిన పౌలీ మర్రే 1943లో కళాశాల పరిసరాల్లో తెల్లవారికే వడ్డించే ఒక క్యాఫెటీరియా మీద జరిగిన నిరసనలో ముందున్నారు. వడ్డించబోమన్నాక విద్యార్థులు ఖాళీ ట్రేలతోనే బల్లల దగ్గర కూర్చుని, పుస్తకాలు తెరిచి చదువుకున్నారు. కొద్ది రోజుల్లోనే యజమాని దిగివచ్చాడు. ఆ తర్వాత తరగతిలో ఆమె, సమానత్వం సంగతి పక్కనపెట్టి 'వేరు' అన్న మాటనే కొట్టేయాలని వాదిస్తే తోటివారు నవ్వారు. పాతికేళ్లలో ప్లెసీ తీర్పు పోతుందని ప్రొఫెసర్ స్పాట్స్‌వుడ్ రాబిన్సన్‌తో ఆమె పది డాలర్లు పందెం కాసి, ఆ వాదననే వ్యాసంగా రాసిచ్చారు.

1950లో మరణించిన హ్యూస్టన్ ఫలితం చూడలేదు. బడుల్లో నల్లపిల్లలను వేరుచేయడంపై కేసులు నడిపిన మార్షల్ న్యాయవాదుల బృందం సుప్రీంకోర్టుకు వెళ్లేముందు హోవార్డ్‌లో అధ్యాపకులనే న్యాయమూర్తులుగా కూర్చోబెట్టి, విద్యార్థుల ఎదుట వాదనలు సాధన చేసేది. 1954 మే 17న బ్రౌన్ కేసులో, బడులను వేరుచేయడమే అసమానత అని కోర్టు ప్రకటించింది. పౌలీ మర్రే ఇచ్చిన గడువులో సగం కూడా గడవలేదు. ఆ కేసులకు సిద్ధమవుతున్నప్పుడు రాబిన్సన్ ఆమె పాత వ్యాసాన్ని వెతికి తీసి చదివిన సంగతి ఆమెకు ఏళ్ల తర్వాత గానీ తెలియలేదు.