వినేవాళ్లు ఎవరి మనుషులు?

అమెరికా సైన్యంలో మానసిక సమస్యలు చూసే సోషల్ వర్కర్ ఎదురుగా కూర్చున్న సైనికుడు తన బాధ మొదలుపెట్టే ముందు ఒక మాట తేల్చుకోవాలనుకుంటాడు. "ఇక్కడ చెప్పింది మా కమాండర్‌కి తెలుస్తుందా?" నిజం చెప్పాలంటే జవాబు: చాలావరకు తెలియదు, కొన్నిసార్లు తెలుస్తుంది. ఆ "కొన్నిసార్లు" వెనక వందేళ్లకు పైబడిన కథ ఉంది.

ముందు ఒక మాట. సోషల్ వర్కర్ అంటే మన ఫ్లెక్సీల మీద దండం పెడుతూ కనిపించే "ప్రముఖ సంఘసేవకుడు" కాదు. ఆంధ్రా యూనివర్సిటీలోనో మరోచోటో ఎం.ఎస్.డబ్ల్యూ. (సోషల్ వర్క్‌లో పీజీ) చదివేవాళ్లకు ఈ తేడా బాగా తెలుసు. అమెరికాలో ఇది లైసెన్సు ఉన్న వృత్తి. కౌన్సెలింగ్ చేస్తారు, జబ్బు ఏమిటో నిర్ధారిస్తారు, ఇంటివాళ్లతో మాట్లాడతారు. సైన్యంలో ఉన్నవాళ్లయితే యూనిఫాం వేసుకునే ఆఫీసర్లు. అంటే బాధ చెప్పుకోవడానికి వచ్చిన జవాను ముందు సెల్యూట్ కొట్టాలి.

కథ మొదటి ప్రపంచ యుద్ధంతో మొదలవుతుంది. ఒంటిమీద గాయం లేదు, కానీ మాట పడిపోయింది, చేతులు వణుకుతున్నాయి, చూపు పోయింది. అలాంటి సైనికులు వందలు వేలుగా ఆస్పత్రులకు రావడంతో బ్రిటిష్ డాక్టర్ చార్లెస్ మైయర్స్ 1915 ఫిబ్రవరిలో వైద్య పత్రిక లాన్సెట్‌లో "షెల్ షాక్" అన్న మాటతో ఈ కేసులు కొన్ని వివరించాడు. అలాగని అందరికీ ఆస్పత్రి దక్కలేదు. పారిపోయారనో పిరికితనం చూపారనో, ఇంకా అలాంటి నేరాల కిందో బ్రిటన్ తన పక్షాన పోరాడినవాళ్లనే 306 మందిని కాల్చి చంపింది. వాళ్లకు క్షమాపణ దొరికింది 2006లో. వాళ్లలో ఎంతమందిది భయమో, ఎంతమందిది జబ్బో ఇప్పుడు ఎవరు తేలుస్తారు?

1917లో యుద్ధంలోకి దిగినప్పుడు అమెరికా ఇదంతా చూసి రమ్మని థామస్ సాల్మన్ అనే మానసిక వైద్యుణ్ని ఇంగ్లండ్‌కు పంపింది. ఆయన తెచ్చిన పాఠం సులువుగానే ఉంటుంది. మనసు చెదిరిన సైనికుణ్ని దూరంగా ఇంటికి పంపొద్దు. యుద్ధరంగానికి దగ్గర్లోనే, వెంటనే, "నువ్వు రోగివి కాదు, కోలుకుని మళ్లీ నీ వాళ్ల దగ్గరికి వెళ్తావు" అన్న ధీమా ఇస్తూ చికిత్స చేయాలి. ఆ పద్ధతిని సైన్యాలు ఇప్పటికీ పట్టుకుని ఉన్నాయి. అయితే ఆ "మళ్లీ వెళ్తావు" అన్న మాటలో ఒక మెలిక ఉంది. అది సైనికుడి మేలు కోసమా, బెటాలియన్‌లో తలలు తగ్గకుండా ఉండటం కోసమా? రెండూ అంటుంది సైన్యం. నిజానికి చాలాసార్లు రెండూనే.

సోషల్ వర్కర్లు వచ్చింది ఈ సందులోకే. ఆస్పత్రిలో డాక్టరుకు మనిషి కనిపిస్తాడు గానీ అతని ఇల్లు కనిపించదు. అప్పు ఉందా, తల్లి మంచంలో ఉందా, సైన్యంలోకి రాకముందు ఎలా ఉండేవాడు అన్నది ఎవరో కనుక్కోవాలి. బోస్టన్‌లోని మానసిక చికిత్సాలయంలో సోషల్ సర్వీస్ విభాగం నడుపుతున్న మేరీ జారెట్ ఆధ్వర్యంలో 1918 వేసవిలో స్మిత్ కాలేజీలో ఇందుకోసమే శిక్షణ మొదలైంది. 8 వారాలు పాఠాలు, తర్వాత ఆస్పత్రుల్లో పని. చేరినవాళ్లంతా ఆడవాళ్లే. వాళ్లింకా పని నేర్చుకుంటుండగానే నవంబర్ 11న యుద్ధం ఆగిపోయింది. కానీ మనసు చెదిరినవాళ్లు యుద్ధంతో పాటు ఆగలేదు కదా. మాజీ సైనికుల సంక్షేమం చూసే ప్రభుత్వ సంస్థ 1926లో సొంత సోషల్ వర్క్ విభాగం పెట్టుకుంది. మొదట్లో దేశం మొత్తానికి 36 మంది. ఇవాళ ఆ శాఖలో 15 వేలకు పైగా ఉన్నారు.

అప్పటిదాకా సైన్యం వైపు వీళ్లు సైనిక ఆస్పత్రుల్లోనే, అదీ ఎక్కువగా రెడ్‌క్రాస్ తరఫున. సైన్యం లోపలికి అడుగుపెట్టింది రెండో ప్రపంచ యుద్ధంలో. 1942లో న్యూజెర్సీలోని ఫోర్ట్ మన్‌మత్‌లో, కొత్తగా చేరిన కుర్రాళ్ల కోసం ఒక మానసిక సలహా కేంద్రం పెట్టారు. అప్పటికే సైన్యంలో చేరి వేరే పనుల్లో ఉన్న సోషల్ వర్కర్లను వెతికి అక్కడికి తెచ్చారు. 1943లో సిపాయి స్థాయిలో ఈ పనికి ప్రత్యేక కోడ్ నంబర్ వచ్చింది: 263. ఆఫీసర్ హోదా ఇంకా ఆలస్యం, యుద్ధం ముగిశాక.

ఆ 1943లోనే రెండు సంఘటనలు జరిగాయి. ఆగస్టులో అమెరికా జనరల్ ప్యాటన్ సిసిలీ ఆస్పత్రుల్లో గాయం కనపడని ఇద్దరు సైనికులను పిరికివాళ్లంటూ చెంపదెబ్బలు కొట్టాడు. దీని గురించి అందరూ రాశారు. నాకు దానికంటే అంతకుముందు ఏప్రిల్‌లో ట్యునీషియాలో ఇచ్చిన ఒక ఉత్తర్వు ఎక్కువ చెబుతుంది అనిపిస్తుంది. యుద్ధరంగంలో మానసిక కేసు ఏదైనా సరే, కాగితం మీద మొదట "అలసట" అని మాత్రమే రాయాలి అన్నది దాని సారాంశం. వేడి తిండి, స్నానం, మందు ఇచ్చి కంటినిండా నిద్ర. చాలామంది కొద్ది రోజుల్లో తేరుకున్నారు. "పిచ్చి" అన్న ముద్ర ఒకసారి పడితే మనిషి దాని ప్రకారమే తయారవుతాడని సైన్యానికి అప్పుడే అర్థమైంది. అయితే, ఏ పేరు పెడితే మనిషి త్వరగా డ్యూటీకి వెళ్తాడో ఆ పేరు పెట్టడం కూడా అప్పుడే అలవాటైంది.

వియత్నాంలో ఈ ఏర్పాటు బ్రహ్మాండంగా పనిచేసినట్టే కనిపించింది. ప్రతి డివిజన్‌కు ఒక మానసిక వైద్యుడు, ఒక సోషల్ వర్క్ ఆఫీసర్, కొందరు సహాయకులు. ఒక్కో సైనికుడికి ఏడాదే డ్యూటీ. యుద్ధరంగంలో మానసిక కేసులు గత యుద్ధాల కంటే తక్కువగా నమోదయ్యాయి. ఇంటికొచ్చాక బయటపడ్డాయి.

1969 సెప్టెంబర్. బోస్టన్‌లో మాజీ సైనికుల ఆస్పత్రి. శారా హేలీ అనే సోషల్ వర్కర్‌కు అక్కడ ఉద్యోగంలో మొదటి రోజు. వణికిపోతూ ఒక మాజీ సైనికుడు వచ్చాడు. వియత్నాంలో మై లై అనే ఊళ్లో తన కంపెనీ వాళ్లు ఆడవాళ్లను, పిల్లలను చంపారని, తాను కాల్చలేదని, బయట చెబితే చంపేస్తామని తోటివాళ్లు బెదిరించారని చెప్పాడు. సిబ్బంది సమావేశంలో తేల్చిందేమిటంటే: స్కిజోఫ్రీనియా, ఇవన్నీ భ్రమలు. అతను చెప్పేది నిజమని అనుకుంటే భ్రమ లక్షణం ఇంకేదీ లేదు కదా అని ఆమె వాదించింది. నవ్వేశారు. రెండు నెలలకు మై లై ఊచకోత ప్రపంచమంతా పతాక శీర్షికల్లోకి ఎక్కింది.

అనుభవమున్న డాక్టర్లు నమ్మనిదాన్ని కొత్తగా వచ్చినామె ఎలా నమ్మింది? ఆమె తండ్రి రెండో ప్రపంచ యుద్ధంలో పనిచేసినవాడు. యుద్ధంలో మనుషులు ఏమేం చేస్తారో ఇంట్లో విని పెరిగింది. 1974లో ఆమె రాసిన వ్యాసం, రోగి తాను చేసిన అకృత్యాలు చెప్పుకున్నప్పుడు వినేవాళ్లు ఏం చేయాలన్నదాని గురించి. వినేవాళ్లు ముందు తమలో రేగిన అసహ్యాన్ని, భయాన్ని గుర్తించాలి, లేకపోతే రోగి నోరు మూసుకుంటాడు అన్నది అందులో కీలకం. తర్వాత ఆమె, మానసిక వైద్యులు చైమ్ షాటన్, రాబర్ట్ లిఫ్టన్ వంటివాళ్లు కలిసి పోరాడితే 1980లో అమెరికా మానసిక వైద్యుల జబ్బుల పట్టికలోకి పీటీఎస్‌డీ (ఘోరమైన అనుభవం తర్వాత మనసును వెంటాడే జబ్బు) ఎక్కింది. 1988లో వచ్చిన ప్రభుత్వ సర్వే లెక్క ప్రకారం, వియత్నాం వెళ్లొచ్చిన మగవాళ్లలో 30.9 శాతం మంది ఎప్పుడో ఒకప్పుడు ఆ జబ్బు అనుభవించినవాళ్లే. (ఈ సంఖ్య ఎక్కువని తర్వాత వాదనలు జరిగాయి.)

ఒక్క విషయం గమనించాలి. హేలీ సైన్యం మనిషి కాదు. సర్వీసు అయిపోయినవాళ్ల ఆస్పత్రిలో సివిలియన్. అదే మాట యూనిఫాంలో ఉన్న సోషల్ వర్కర్‌కు చెప్పుకుంటే ఏమయ్యేదో ఊహించుకోవచ్చు.

చట్టం ఈ సంగతి పట్టించుకునేసరికి 1990లు దాటుతున్నాయి. ఒక పోలీసు అధికారి తన సోషల్ వర్కర్‌తో చెప్పుకున్న మాటలు కోర్టుకు ఇవ్వాలా వద్దా అన్న కేసులో 1996లో అమెరికా సుప్రీంకోర్టు, ఇవ్వక్కర్లేదంది. మానసిక వైద్యులకు, సైకాలజిస్టులకు ఉన్న రక్షణే లైసెన్సు ఉన్న సోషల్ వర్కర్లకూ ఉంటుందని తేల్చింది. 1999లో సైనిక కోర్టులూ అలాంటి నియమం పెట్టుకున్నాయి, కాకపోతే కంతలు ఎక్కువ. ఆత్మహత్య ప్రమాదం, ఇతరులకు హాని వంటి సందర్భాలు తప్ప కమాండర్‌కు చెప్పకూడదన్నదే మామూలు నియమం అని రక్షణ శాఖ 2011లో స్పష్టంగా రాసింది. "మిషన్‌కు ముప్పు" అన్నది కూడా ఆ మినహాయింపుల్లో ఉంది. ముప్పు ఏదన్నది ఎవరు నిర్ణయిస్తారో వేరే చెప్పాలా?

ఈలోపు ఇరాక్, అఫ్ఘానిస్తాన్ వచ్చాయి. యుద్ధరంగంలో మానసిక ఒత్తిడి చూసే కంబాట్ స్ట్రెస్ బృందాలు పెద్ద స్థావరాల్లో క్లినిక్ పెట్టుకుని కూర్చోకుండా హెలికాప్టర్లలో చిన్న ఔట్‌పోస్టులకు వెళ్లడం మొదలుపెట్టాయి. అక్కడ అపాయింట్‌మెంట్లు ఉండవు. తిండి దగ్గర, కాపలా దగ్గర, బండి రిపేర్ దగ్గర నిలబడి పిచ్చాపాటీ. నాలుగో రోజు ఎవడో ఒకడు పక్కకు వచ్చి "ఒక్క నిమిషం" అంటాడు. అందరూ రారు. 2004లో వచ్చిన ఒక ప్రసిద్ధ అధ్యయనంలో, మానసిక సమస్య ఉన్నట్టు తేలిన సైనికుల్లో సాయం కోరినవాళ్లు 23 నుంచి 40 శాతమే. అడ్డుపడింది ఎక్కువగా పరువే: బలహీనుడు అనుకుంటారని, పై ఆఫీసర్లు వేరేగా చూస్తారని.

సరిపడా మనుషులు లేక సైన్యం 2008లో టెక్సస్‌లోని ఫోర్ట్ శామ్ హ్యూస్టన్‌లో ఒక యూనివర్సిటీతో కలిసి ఎం.ఎస్.డబ్ల్యూ. కోర్సే పెట్టుకుంది. అదే ఏడాది సెక్యూరిటీ క్లియరెన్స్ (రహస్య సమాచారం చూసే అనుమతి) ఫారంలో, మానసిక చికిత్స తీసుకున్నారా అని అడిగే 21వ ప్రశ్నను సవరించారు. యుద్ధం వల్ల కౌన్సెలింగ్‌కు వెళ్లినవాళ్లు ఆ సంగతి అందులో రాయనక్కర్లేకుండా చేశారు. చిన్న మార్పులా కనిపిస్తుంది గానీ ఆ ఒక్క గడి చూసి క్లినిక్ గుమ్మం ఎక్కనివాళ్లకు అది చిన్నది కాదు.

2009 మే 11న బాగ్దాద్‌లోని క్యాంప్ లిబర్టీలో, పై అధికారులు పంపితే కంబాట్ స్ట్రెస్ క్లినిక్‌కు వచ్చిన ఒక సార్జెంట్ అక్కడ ఐదుగురిని కాల్చి చంపాడు. చనిపోయినవాళ్లలో నేవీ కమాండర్ హోదాలో ఉన్న సోషల్ వర్కర్ ఒకరు.

2004 నుంచి సైన్యం ఇంకో దారి కూడా పట్టింది. కాంట్రాక్టు మీద సివిలియన్ కౌన్సెలర్లను పెట్టుకుంది. వాళ్లలో సోషల్ వర్కర్లు చాలామంది. వాళ్లు మెడికల్ రికార్డు రాయరు. ప్రాణహాని, గృహహింస వంటివి తప్ప విన్నది ఎవరికీ చేరదు. డబ్బులిచ్చేది సైన్యమే, రాయొద్దన్నదీ సైన్యమే. అయితే వీళ్లు ఎక్కువగా పనిచేసేది కుటుంబాలు ఉండే స్థావరాల్లో. ఇసుక బస్తాల వెనక ఔట్‌పోస్టులో సైనికుడికి ఎదురుగా కూర్చునేది మాత్రం ఇప్పటికీ భుజం మీద హోదా ఉన్న మనిషే, పక్కన ఫైలుతో.