సైక్లోన్‌లో తిరుగుతూనే ఉండిపోయే కణాలు: సమస్య ఎక్కడ మొదలైంది?

సైక్లోన్ సెపరేటర్ అంటే ధూళి నిండిన గాలిని సుడిలా తిప్పి ధూళిని విడదీసే యంత్రం. దాన్ని కంప్యూటర్‌లో సిమ్యులేట్ చేసేవాళ్లకు ఈ రిపోర్టు బాగా పరిచయం. వదిలిన కణాల్లో కొన్ని పైనుంచి బయటపడ్డాయి, కొన్ని కింద చిక్కాయి, మిగిలినవి ‘ఇన్‌కంప్లీట్’, అంటే లెక్క ఆగేసరికి ఎటూ తేలనివి. చాలామంది వెంటనే స్టెప్పుల పరిమితి, అంటే ఒక్కో కణం దారిని ఎన్ని మెట్ల దాకా లెక్కించాలన్న హద్దు, పెంచేస్తారు. కొన్నిసార్లు దాంతోనే పని అయిపోతుంది. అప్పటికీ కణాలు ఎటూ తేలకపోతే, ఈ లెక్కలు ఏ క్రమంలో పుట్టాయో చూడటం మంచిది.

యంత్రం పాతది. దీని పేటెంట్లు 1880ల నాటివి. 1951 నాటి స్టెయిర్‌మాండ్ కొలతలను నేటికీ వాడుతున్నారు. ఆ రోజుల్లో కణం దారిని ఎవరూ గీయలేదు. సుడి వేగాన్ని ఊహించి, అపకేంద్ర బలాన్నీ గాలి లాగుడునీ సరితూచి, ఏ సైజు కణం సగానికి సగం చిక్కుతుందో లెక్కగట్టేవారు.

1982లో బోయ్‌సన్, ఎయర్స్, స్విథెన్‌బ్యాంక్ సైక్లోన్ ప్రవాహాన్ని కంప్యూటర్ మీద పరిష్కరించారు. టర్బులెన్స్‌ను, అంటే గాలిలోని అస్తవ్యస్త కుదుపులను, లెక్కగట్టే మామూలు కె-ఎప్సిలాన్ మోడల్ ఇంత బలమైన సుడికి పనికిరాదని అప్పుడే తేలింది. ఆ మోడల్ టర్బులెన్స్ అన్ని దిక్కులా ఒకేలా ఉంటుందనుకుంటుంది. దాంతో గాలి మొత్తం ఒకే ఘనపదార్థంలా తిరుగుతున్నట్టు చూపిస్తుంది. 1999లో హూక్‌స్ట్రా బృందం లేజర్ కొలతలతో పోల్చి చూసినప్పుడు కూడా ఒక్కో దిక్కు కుదుపును విడిగా లెక్కించే రేనాల్డ్స్ స్ట్రెస్ మోడలే వాస్తవానికి దగ్గరగా వచ్చింది. నా అనుభవంలో ‘కణాల సమస్య’ అనుకునేవాటిలో చాలావరకు గాలి సమస్యలే. టాంజెన్షియల్ వేగం (గాలి గుండ్రంగా తిరిగే వేగం) సరిగా రాకుండా కణాల సెట్టింగులు మార్చడం వల్ల ఒరిగేదేమీ లేదు.

గాలి సరిగ్గా వచ్చినా ఇంకో చిక్కు ఉంది. టర్బులెన్స్ కణాన్ని ఎలా కుదుపుతుందో చెప్పే ర్యాండమ్ వాక్ పద్ధతి 1980ల మొదట్లో గోస్మన్, అయోనిడిస్‌ల నుంచి వచ్చింది. అందులోనూ కుదుపు అన్ని దిక్కులా సమానమే. నిజానికి గోడ దగ్గర, గోడ వైపు కుదుపు బాగా తగ్గిపోతుంది. ఆ తేడా వల్ల సన్నని కణాలు గోడను అతిగా తాకుతాయి. గోడకు తగిలితే చిక్కినట్టే అని పెట్టుకుంటే, ఎఫిషియెన్సీ, అంటే చిక్కిన ధూళి వంతు, ఉన్నదానికన్నా ఎక్కువగా కనిపిస్తుంది.

పెద్ద కణాల కథ వేరు. కోన్ గోడ వాలుగా ఉంటుంది కాబట్టి, అపకేంద్ర బలంలో కొంత భాగం గోడ వెంబడి కణాన్ని పైకి నెడుతుంది. ఆ నెట్టుడు, కిందికి లాగే గాలి, బరువు సరితూగిన ఎత్తులో కణం అక్కడే గిరగిరా తిరుగుతుంది. ఇది సాఫ్ట్‌వేర్ తప్పు కాదు. ప్రయోగాల్లోనూ ఇలాంటి ధూళి వలయాలు కనిపించాయి. కాకపోతే నిజమైన యంత్రంలో కణాలు ఒకదాన్నొకటి ఢీకొని వలయం చెదురుతుంది. గాలి కణాలను కదుపుతుంది, కణాలు మాత్రం గాలిని మార్చవు అనుకునే వన్-వే కప్లింగ్ లెక్కలో ఆ ఢీకొట్టుకోవడమే లేదు. అందుకే స్టెప్పుల పరిమితిని ఎంత పెంచినా ఆ కణాలు కిందికి దిగవు.

అందుకే ఇన్‌కంప్లీట్ కణాలను సైజుల వారీగా విడదీసి చూడాలి. పెద్దవే మిగిలితే వలయాన్ని అనుమానించాలి. సన్నవి మిగిలితే స్టెప్పులు, మెష్ (లెక్క కోసం యంత్రాన్ని విడగొట్టిన చిన్న గళ్లు), కింద ధూళి చేరే డస్ట్ బిన్‌ను జామెట్రీలో చేర్చారా లేదా అన్నవి చూడాలి. అవి తేలేదాకా ఎఫిషియెన్సీకి రెండు విలువలు చెప్పడమే నిజాయితీ: మిగిలినవన్నీ చిక్కాయనుకుంటే ఒకటి, అన్నీ తప్పించుకున్నాయనుకుంటే ఇంకొకటి.